ఆడపిల్ల చదువు – చేతిలోని ఫోను

మగ్రిబ్ నమాజు అయింది. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క స్మార్ట్‌ఫోను. అబ్బా పని నుంచి రాగానే అది అబ్బాయి చేతిలోకి వెళ్ళింది. కాసేపు ఆట, ఆట అయ్యాక వీడియోలు. వాడికంటే రెండేళ్ళు పెద్దదైన అక్క పక్కగదిలో పాఠ్యపుస్తకం ముందేసుకుని కూర్చుంది. పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ళతో ఒక చిన్న చదరం అచ్చేసి ఉంది. దానిని ఫోనుకు చూపిస్తే ఆ పాఠం వివరణ వస్తుందని టీచరు చెప్పింది. "ఒక్క పది నిమిషాలు ఇవ్వరా" అని తమ్ముణ్ణి అడిగింది. వంటింట్లోంచి అమ్మీ గొంతు వినబడింది: "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఫోను?"

ఇలాంటి ఇల్లు మనలో చాలామందికి తెలుసు. అది మన ఇల్లే కావచ్చు కూడా. ఆ తల్లి చెడ్డది కాదు. కూతురంటే ప్రేమ లేనిదీ కాదు. ఆమె మాట వెనుక భయం ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. కీడు జరగవచ్చన్న భయంతో, తప్పనిసరిగా అందవలసిన మేలును ఆపే హక్కు మనకు ఉందా? కొడుకు విషయంలో గుర్తుకురాని భయం కూతురి దగ్గరే ఎందుకు గుర్తుకొస్తుంది? రేపు అల్లాహ్ సన్నిధిలో ఈ తేడాకు మనం చెప్పే జవాబు ఏమిటి? ఈ వ్యాసంలో మనం ఆలోచించవలసింది ఈ విషయమే.

మొదటి ఆజ్ఞ ఎవరికి?

హిరా గుహలో దిగిన మొట్టమొదటి దివ్యవాణి 'చదువు' అన్న ఆజ్ఞతో మొదలైందని మన పిల్లలకు సైతం తెలుసు. ఆ అయిదు వాక్యాలలోనే (దివ్య ఖుర్ఆన్ 96:1-5) కలం ప్రస్తావన కూడా ఉంది. మనిషికి తెలియని విషయాలను కలం ద్వారా నేర్పినవాడు అల్లాహ్ అని అక్కడ ఆయన తనను తాను పరిచయం చేసుకున్నాడు. అక్కడ ప్రస్తావించినది 'మనిషి'ని. మగవాడిని అని కాదు, ధనవంతుణ్ణి అని కాదు, పట్టణవాసిని అని కాదు.

ఈ ఆజ్ఞను దైవప్రవక్త (స) ఎలా అమలుచేశారో చూద్దాం. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో విమోచన ధనం చెల్లించలేనివారు, చదువు వచ్చినవారైతే, మదీనా పిల్లలకు రాయటం నేర్పి విడుదల పొందే ఏర్పాటు జరిగిందని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. గురువు శత్రువే అయినా విద్యను కాదనలేదు. ప్రమాదం ఉందని తలుపు మూయలేదు, షరతు పెట్టి తలుపు తెరిచారు. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు మనకు పనికొస్తుంది.

ఇక స్త్రీల సంగతి. షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (ర) అక్షరజ్ఞానం గల మహిళ. ఆమె హజ్రత్ ఉమర్ (ర) కుమార్తె, దైవప్రవక్త (స) సతీమణి అయిన హజ్రత్ హఫ్సా (ర)కు రాయటం నేర్పారు. ఆ రాత నేర్పినట్లే తనకు తెలిసిన ఒక చికిత్సా పద్ధతిని కూడా హఫ్సాకు నేర్పమని ఆయన షిఫాకు చెప్పిన విషయం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. తర్వాత ఏం జరిగింది? హజ్రత్ అబూబక్ర్ (ర) కాలంలో గ్రంథరూపంలో కూర్చిన ఖుర్ఆన్ ప్రతి, హజ్రత్ ఉమర్ (ర) అనంతరం ఎవరి దగ్గర భద్రంగా ఉంది? హఫ్సా (ర) దగ్గరే. హజ్రత్ ఉస్మాన్ (ర) ప్రతులు రాయించి వివిధ ప్రాంతాలకు పంపవలసి వచ్చినప్పుడు, ఆమె దగ్గరి ప్రతినే తెప్పించుకున్నారు. ఒక స్త్రీకి మరొక స్త్రీ అక్షరం నేర్పింది. అలా నేర్చుకున్న చేతులకే సమస్త ముస్లిం సమాజపు అమానతు చేరింది.

మదీనా మహిళలు అంతటితో ఆగలేదు. మీ దగ్గర మగవారే ఎక్కువ ప్రయోజనం పొందుతున్నారు, మాకంటూ ఒక రోజు కేటాయించండి అని దైవప్రవక్త (స)ను స్వయంగా అడిగారు. ఆయన వారిని మందలించలేదు. ఒక రోజు కేటాయించి, వారికి బోధించారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో నమోదైంది. తన బానిస యువతికి చక్కగా విద్యాబుద్ధులు నేర్పి, స్వేచ్ఛనిచ్చి వివాహమాడిన వ్యక్తికి రెట్టింపు పుణ్యం లభిస్తుందన్న హదీసూ అదే గ్రంథంలో ఉంది. బానిస పిల్లకే ఇంతటి హక్కు ఉన్నప్పుడు కన్నకూతురి హక్కు ఎంతటిది?

మన జిల్లాల లెక్క

ఇప్పుడు మన ఉత్తరాంధ్ర వైపు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లా స్త్రీలలో చదవటం, రాయటం వచ్చినవారు దాదాపు 50 శాతం. శ్రీకాకుళం జిల్లాలో దాదాపు 52 శాతం. అదే పురుషులలో విజయనగరంలో 68 శాతం, శ్రీకాకుళంలో 71 శాతం పైన. రాష్ట్ర విభజన తర్వాతి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యతలో అట్టడుగున నిలిచింది విజయనగరమే. 2001తో పోలిస్తే రెండు జిల్లాల స్త్రీలలోనూ పదేళ్ళలో ఎనిమిది, పది శాతం పెరుగుదల కనిపించిన మాట నిజమే. అయినా ఆ లెక్క చెప్పేది ఒకటే: ఇద్దరు స్త్రీలలో ఒకరికి అక్షరం రాదు. ఇవి 2022లో జిల్లాలను విడదీసి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పాటు చేయకముందు నాటి అంకెలు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది.

ఈ లెక్కల్లో మనం ఎక్కడున్నాం? ఈ రెండు జిల్లాల్లో ముస్లిములు జనాభాలో ఒక శాతం కూడా లేరు. ఒకప్పుడు చికాకోల్ సర్కారుకు కేంద్రంగా వెలిగిన శ్రీకాకుళంలో, కుతుబ్‌షాహీల కాలం నాటి జామియా మసీదు నేటికీ మన గతానికి సాక్ష్యంగా నిలిచి ఉంది. కానీ హైదరాబాదులోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ఉన్నట్టు ఇక్కడ వీధికొక మదరసా లేదు, అడుగడుగునా ఉర్దూ బడులు లేవు. కొన్ని ఊళ్ళలో మన కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని. అలాంటి చోట ఆడపిల్లకు ధర్మజ్ఞానం ఎక్కడి నుంచి అందాలి? ఇరుగుపొరుగున నేర్పేవారు లేనప్పుడు, పుస్తకాల దుకాణం పట్టణంలో ఉన్నప్పుడు, ఆమెకు పుస్తకం ఎలా చేరాలి?

ఇక్కడే ఫోను ఒక విలాసవస్తువు కాక, ఒక గ్రంథాలయపు వాకిలి అవుతుంది. ఆ వాకిలి దగ్గర ఎవరున్నారో చూడండి. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. అంటే అక్షరం దగ్గర ఉన్న తేడా కంటే ఫోను దగ్గర ఉన్న తేడా పెద్దది. పాత అన్యాయం తగ్గుముఖం పట్టిందనుకుంటుండగానే, కొత్త అన్యాయం ఒకటి మన ఇళ్ళలోనే మొలకెత్తింది. బడి గడప దగ్గర వెనుకబడిన పిల్ల, ఫోను దగ్గర మరోసారి వెనుకబడుతోంది.

మన నేల మీద వెలిగిన దీపాలు

ఈ నేలకు అక్షరం కోసం తపించిన చరిత్ర ఉంది. గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. వారి భాషలోనే వారికి చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. పుస్తకాల భాష జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితాంతం పోరాడారు. నోటికి అందని భాషలో రాసిన పుస్తకం సామాన్యుడికి తాళం వేసిన పెట్టె వంటిదని ఆయన గ్రహించారు.

ఆ ఉద్యమంలో ఆయనకు తోడు నిలిచినవారిలో చిలుకూరి నారాయణరావు గారు ఒకరు. ఆయనదీ శ్రీకాకుళం ప్రాంతమే. దివ్య ఖుర్ఆన్‌ను మొదట తెలుగులోకి అనువదించినది ఆయనే. 1920వ దశకంలో ఆయన ఆ పని చేశారు. ఆలోచించండి! మన ముంగిట పుట్టిన ఒక హిందూ పండితుడు, మన గ్రంథాన్ని మన భాషలో మనకు అందించటానికి శ్రమించారు. వందేళ్ళు గడిచాయి. నేడు ఖుర్ఆన్ తెలుగు అనువాదాలు ఫోనులో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా మన ఆడపిల్లల్లో ఎందరు వాటిని తెరిచి అర్థం తెలుసుకుని చదువుతున్నారు? అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని పారాయణం చేయటం పుణ్యకార్యమే, సందేహం లేదు. కానీ తాను చదివినదాని భావం తెలియని పిల్ల, అల్లాహ్ తనతో ఏం చెబుతున్నాడో ఇతరుల నోట వినవలసిందే. ఆ ఇతరులు తప్పు చెప్పినా ఆమెకు తెలియదు.

మరొక దీపం కథానిలయం. శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు బడిలో లెక్కలు చెప్పి బతికిన మనిషి. కథారచయితగా 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆ సొమ్మును తన కోసం దాచుకోలేదు. తెలుగు కథలన్నీ ఒకచోట భద్రంగా ఉండాలన్న తపనతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించారు. పాత పత్రికలు, పుస్తకాలు ఊరూరా సేకరించి చేర్చారు. ఆ తర్వాత ఆ కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునే ఏర్పాటు జరిగింది. మాస్టారు 2021 జూన్‌లో కన్నుమూశారు, ఆ తలుపు మాత్రం తెరిచే ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువాడు శ్రీకాకుళంలోని ఆ గ్రంథాలయపు కథ తన ఇంట్లో కూర్చుని చదువుతున్నాడు. అదే శ్రీకాకుళంలో, ఆ భవనానికి రెండు వీధుల అవతల ఉన్న పిల్లకు ఆ సంగతే తెలియకపోతే ఆ లోపం ఎవరిది?

భయం నిజమే, పరిష్కారం ఏమిటి?

ఇప్పుడు తల్లిదండ్రుల భయం దగ్గరకు వద్దాం. దానిని తేలికగా కొట్టిపారేయటం న్యాయం కాదు. ముక్కూమొహం తెలియనివారు పరిచయాలు పెంచుకోవటం, ఫోటోలతో బెదిరించటం, అశ్లీల దృశ్యాలు, గంటల తరబడి కాలహరణం... ఇవన్నీ జరుగుతున్నవే. కూతురి మాన మర్యాదలు కాపాడటం తండ్రికి బాధ్యతే. ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు.

అయితే ఇక్కడ మూడు విషయాలు ఆలోచించాలి.

మొదటిది. చూపును అదుపులో ఉంచుకోమన్న ఆజ్ఞ నూర్ సూరాలో మొదట ఎవరికి వచ్చింది? విశ్వాసులైన పురుషులకు (24:30). ఆ తర్వాతి వాక్యంలోనే స్త్రీలకు వచ్చింది. మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? మొదట ఆజ్ఞాపించబడినవాడి చేతిలో రాత్రి పన్నెండింటి దాకా ఫోను ఉంటుంది, అడిగేవారుండరు. ఆమె చేతికి పది నిమిషాలు ఇవ్వటానికి కూడా వెనకాడతాం. ఇది ధర్మం పట్ల జాగ్రత్త అయితే ఇద్దరి దగ్గరా ఒకేలా కనబడాలి కదా! ఒక్కరి దగ్గరే కనబడితే దాని పేరు జాగ్రత్త కాదు, అలవాటు. అలవాటుకు ధర్మం పేరు పెట్టటం ధర్మానికే అన్యాయం చేయటం.

రెండవది. ఊళ్ళో బావి ఉంటుంది. పిల్లలు పడతారన్న భయం ఉంటుంది. అలాగని బావి పూడ్చేస్తామా? గట్టు కడతాం, గిలక పెడతాం, చిన్నపిల్లలు వెళితే వెంట పెద్దవారు వెళతారు. నీళ్ళు మాత్రం తోడుకుంటాం. బద్ర్ ఖైదీల విషయంలో జరిగినదీ ఇదే: విద్యను ఆపలేదు, దానికి కట్టుబాటు పెట్టారు. కీడుకు దారితీసే మార్గాలను మూయాలని మన ధర్మవేత్తలు చెప్పిన మాట సత్యమే. కానీ మూయవలసింది కీడు దారినే. దానితోపాటు విధి అయిన మేలు దారిని కూడా మూసేస్తే, ఒక నష్టాన్ని తప్పించబోయి మరో పెద్ద నష్టం తెచ్చుకున్నట్టే.

మూడవది. చదువురాని పిల్లకు ఫోను దొరకదని ఎవరన్నారు? పెళ్ళయ్యాక దొరుకుతుంది, అత్తవారింట్లో దొరుకుతుంది, చేతిలోకి ఏనాడో ఒకనాడు వస్తుంది. అప్పుడు ఆమెకు చదవటం రాదు కనుక వీడియోలే చూస్తుంది. ఏది నిజం, ఏది మోసం అని పోల్చుకోలేదు. ఓటీపీ అడిగినవాడికి నంబరు చెప్పేస్తుంది. అజ్ఞానం కవచం కాదు. మనం కాపలా ఉన్నంతసేపే అది కవచంలా కనబడుతుంది. మన కాపలా లేనినాడు ఆమెను కాపాడేది ఆమె వివేకం, దైవభీతి. ఆ రెండూ చదువుతో, తర్బియత్‌తో పెరుగుతాయి.

పంజాబ్ పల్లెల అనుభవం

ఈ భయం మన ఒక్కరిదే కాదు. పాకిస్తాన్‌లోని పంజాబ్ పల్లెల్లో 2009లో యునెస్కో ఒక ప్రయత్నం చేసింది. స్థానిక స్వచ్ఛంద సంస్థ ఒకటి, మొబైల్ కంపెనీ ఒకటి తోడు నిలిచాయి. అక్షరాలు కొత్తగా నేర్చుకున్న 15 నుంచి 24 ఏళ్ళ యువతులు 250 మందిని ఎంచుకున్నారు. అక్కడి సమస్య ఏమిటంటే, పాఠశాల శిబిరం అయిపోగానే చదవటానికి ఏమీ లేక వారు నేర్చుకున్నది మరిచిపోతున్నారు. అందుకని వారికి మామూలు ఫోన్లు ఇచ్చి, రోజూ ఉర్దూలో కొన్ని చిన్న సందేశాలు పంపారు. ధర్మం గురించి, ఆరోగ్యం గురించి, ఆహారం గురించి. వారు వాటిని చదివి నోటు పుస్తకంలో ఎత్తి రాయాలి, ప్రశ్నలకు జవాబు పంపాలి. మధ్యమధ్య పరీక్షలు.

మొదట కుటుంబాలలో సగానికి పైగా ఈ పద్ధతిని ఇష్టపడలేదు. పెళ్ళి కాని పిల్ల చేతిలో ఫోనా అన్నారు. కొన్ని నెలలు గడిచేసరికి ఎక్కువమంది సంతృప్తి తెలిపారు. మొదట్లో పరీక్షలలో కింది శ్రేణిలో ఉన్నవారే అధికం. చివరికి సగానికి పైగా పై శ్రేణికి చేరుకున్నారు. అక్కడ మార్పు తెచ్చినది ఖరీదైన పరికరం కాదు. మామూలు ఫోను, మాతృభాషకు దగ్గరి మాటలు, రోజూ కొద్దిగా చదవటం, చదివినది చేత్తో రాయటం, అడిగి చూసే ఒక మనిషి. ఈ అయిదూ మన విజయనగరంలో కుదరవా? మన పాలకొండలో, మన పలాసలో కుదరవా?

చూడటం వేరు, చదవటం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫోను చేతికిస్తే చదువు వచ్చేస్తుందనుకోవటం అమాయకత్వం. తెరమీద బొటనవేలు పైకి తోస్తూ పోవటం చదవటం కాదు. 2020లో బడులు మూసినప్పుడు మనం చూశాం: ఫోన్లు ఇంటింటికీ చేరాయి, చదువు మాత్రం అదే వేగంతో చేరలేదు. తరగతి గదిలో తెరలు ముందుగా ప్రవేశపెట్టిన దేశాలలో ఒకటైన స్వీడన్, 2023లో మళ్ళీ అచ్చు పుస్తకాల కోసం ప్రత్యేకంగా నిధులు కేటాయించింది. కనుక తెర పుస్తకానికి శత్రువు కాకూడదు, బదులూ కాకూడదు. పుస్తకం అందని చోట పుస్తకాన్ని మోసుకొచ్చే బండి కావాలి.

అయినా ఒక ఆశాజనకమైన సంగతి ఉంది. ఫోనులో ఉచితంగా పుస్తకాలు చదివేవారి గురించి భారత్, పాకిస్తాన్ సహా ఏడు దేశాలలో పరిశీలించి యునెస్కో 2014లో ఒక నివేదిక ప్రచురించింది. అలా చదివేవారిలో నాలుగింట మూడొంతులకు పైగా పురుషులే. కానీ చదవటం మొదలుపెట్టిన స్త్రీలు నెలకు సగటున 207 నిమిషాలు చదివితే, పురుషులు చదివినది 33 నిమిషాలు. ముగ్గురిలో ఒకరు ఫోనులోని కథలు పిల్లలకు చదివి వినిపిస్తున్నారు. అంటే స్త్రీలకు దాహం లేక కాదు, వారికి కుండ అందక. అందితే తాము తాగటమే కాదు, పిల్లలకూ తాగిస్తారు.

చదవటంతోపాటు చదివినదాన్ని తూచటం కూడా నేర్పాలి. ఎవరైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని హుజురాత్ సూరా (49:6) మనల్ని ఆదేశిస్తోంది. విన్నదల్లా ఇతరులకు చెప్పటమే మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవటానికి చాలునని హదీసు హెచ్చరిస్తోంది. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ పదిమందికి పంపే మనలో ఎందరం ఈ హదీసును గుర్తుంచుకుంటున్నాం? దైవప్రవక్త (స) పేరుతో తిరిగే కల్పిత మాటలు కూడా అందులో ఎన్నో. చదవగలిగిన పిల్ల, "ఇది ఏ గ్రంథంలో ఉంది అబ్బా?" అని అడగగలదు. అలా అడిగే పిల్ల ఇంటికి బరువు కాదు, రక్షణ.

ఒక పాఠం ఏం చేయగలదు?

చదువుకున్న ఆడవాళ్ళు ఏం సాధిస్తారు అని అడిగేవారి కోసం మన రాష్ట్రపు అనుభవం ఒకటి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు భర్త వల్ల ఇల్లు గుల్లయిన ఒక స్త్రీ ఊళ్ళో సారా మాన్పించటానికి నడుం కట్టిన కథ అది. దూబగుంట అనే పల్లెలో ఆ పాఠం చదివిన కూలి స్త్రీలు, ఇది మన కథే కదా అనుకున్నారు. కలిసికట్టుగా వెళ్ళి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతటా, రాష్ట్రమంతటా అంటుకుంది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. అది 1997లో సడలిపోయిందన్నది వేరే విషాదం.

మద్యాన్ని నిషిద్ధమని నమ్మే మనకు ఈ సంఘటన ఎంత దగ్గరిది! ఉపన్యాసాలు చేయలేని పనిని, కొత్తగా అక్షరాలు కూడబలుక్కున్న స్త్రీలు చదివిన ఒక్క పాఠం చేసింది. చదువు స్త్రీని చెడగొడుతుందనేవారు దూబగుంటను గుర్తుచేసుకోవాలి. చదువు ఆమె చేత చెడును గుర్తింపజేసింది, దానికి ఎదురు నిలబెట్టింది.

మరో బాధ కూడా ఉంది. ఈ విజయనగరంలోనే 1892లో గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించబడింది. పసిపిల్లల పెళ్ళిళ్ళ మీద అంతటి చర్చ జరిగి నూట ముప్పై ఏళ్ళు దాటింది. అయినా ముందు చెప్పిన ఆరోగ్య సర్వేలో, రాష్ట్రంలోని 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినట్టు తేలింది. పెళ్ళితో బడి ఆగిపోతుంది. చదువు కూడా ఆగిపోవలసిందేనా? బడికి వెళ్ళలేని యువతికి, చంటిపిల్ల తల్లికి, పలాస జీడిపప్పు బట్టీలలో పనిచేసి వచ్చిన ఆడపడుచుకు రోజుకు అరగంట ఫోనులో చదువు సాధ్యమే. అయితే ఒక్క మాట. ఆ అరగంటను చూపించి పిల్లను బడి మాన్పించకూడదు. ఫోను బడికి తోడు మాత్రమే.

మనం చేయగలిగినవి

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. మనసు పెడితే ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇంట్లో ఫోను కోసం ఒక వేళ, ఒక చోటు నిర్ణయించండి. అందరూ కూర్చునే గదిలో, మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య అరగంట చాలు. ఆ నియమం కొడుకుకూ కూతురికీ ఒకటే కావాలి. పెద్దలకు కూడా వర్తిస్తే ఇంకా మంచిది.

ఆ అరగంటలో మొదట ఒక పేజీ బిగ్గరగా చదివించండి. చిన్నపిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి. బడి పిల్లలకు దీక్షా వేదికలో పాఠాలు ఉన్నాయి. పెద్ద పిల్లలకు కథానిలయం ఉంది, వికీసోర్స్‌లో పాత తెలుగు పుస్తకాలు ఉన్నాయి. ఖుర్ఆన్ తెలుగు అనువాదం రోజుకు కొన్ని వాక్యాలు చదివించి, భావం ఆమె మాటల్లో చెప్పించండి. చదివినదానిలో నాలుగు వాక్యాలు నోటు పుస్తకంలో రాయించండి. రాసిన చేయి మరిచిపోదు.

అమ్మీకి చదవటం రాకపోతే సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కూతురే గురువు అవుతుంది. షిఫా (ర) హఫ్సా (ర)కు నేర్పినట్టు, ఇంట్లో ఒక స్త్రీ మరొక స్త్రీకి నేర్పటం మన సంప్రదాయమే. మందుసీసా మీది పేరు, బస్సు బోర్డు, బ్యాంకు పుస్తకం చదవగలిగిన నాడు ఆ తల్లి ముఖంలో వెలుగు చూడండి.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. మన ఊళ్ళలో కుటుంబాలు తక్కువ. అది బలహీనతే కాదు, ఒక సౌలభ్యం కూడా. ఎవరి ఇంట్లో ఏ పిల్ల చదువు ఆపిందో అందరికీ తెలుసు. వారానికి ఒక రోజు ఎవరో ఒకరి ఇంట్లో స్త్రీల పఠనం ఏర్పాటు చేయండి. ఇంటర్ చదివిన ఒక అమ్మాయికి బాధ్యత అప్పగించండి. జకాత్, సదఖా నిధుల నుంచి అర్హులైన పేద పిల్లల చదువుకు తోడ్పడండి. మదీనా స్త్రీలు ఒక రోజు అడిగారు, ఇవ్వబడింది. మన స్త్రీలు అడిగే వరకూ ఆగాలా?

అన్నలకు ఒక మాట. చెల్లెలికి ఫోను వాడటం నేర్పవలసినది నువ్వే. తెలియనివాడు మాట కలిపితే ఏం చేయాలో, బెదిరిస్తే ఎవరికి చెప్పాలో ముందే చెప్పు. ఏ పొరపాటు జరిగినా నీ దగ్గరికి భయం లేకుండా రాగలననే నమ్మకం ఆమెకు కలిగించు. వేయి తాళాలకంటే ఆ నమ్మకం పెద్ద కాపలా.

చివరిగా...

ప్రళయదినాన సజీవంగా పాతిపెట్టబడిన పసిపాపను, ఏ నేరానికి నిన్ను చంపారు అని అడగటం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ (81:8-9) తెలుపుతోంది. మనం ఆ ఘోరానికి దూరమయ్యాం, అల్‌హందులిల్లాహ్. కానీ తెలివితేటలు ఉన్న ఒక పిల్ల మనసును అజ్ఞానంలో పూడ్చిపెట్టి, కాపాడుతున్నామని తృప్తిపడితే, ఆ ప్రశ్న నీడ మన మీద పడదని ధైర్యంగా అనగలమా?

ఆమె ఫోనులో ఏం చూసిందని మాత్రమే కాదు, ఆమెకు మనం ఏం చూపించామని కూడా అడగబడతాం. ఏ చెడు నుంచి కాపాడామని మాత్రమే కాదు, ఏ మేలును అందించామని కూడా. ఈ రాత్రి మగ్రిబ్ తర్వాత, "ఒక్క పది నిమిషాలు ఇవ్వరా" అన్న ఆ పిల్ల గొంతు మన ఇంట్లో వినబడితే, ఫోను తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి, పక్కనే కూర్చుందాం. "ఏం చదువుతున్నావమ్మా, నాకూ చదివి వినిపించు" అందాం.

అల్లాహ్ మన కుమార్తెలకు మేలు చేకూర్చే విద్యను ప్రసాదించుగాక! చెడు నుంచి వారిని, వారి సోదరులను సమానంగా కాపాడుగాక! వారి చదువుకు అడ్డుగోడలం కాక ఆసరాగా నిలిచే సద్బుద్ధిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.